షిఫ్టును బట్టి ఇల్లు మారిన గేమ్ క్యాసెట్

మొన్న మా అమ్మాయి ముఖం ముడుచుకుని కూర్చుంది. బసంత్‌నగర్‌లో ఉండే తన స్నేహితురాలు స్కూటీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, పొద్దుపోక అల్లాడుతోందని, తను కొనుక్కున్న వీడియో గేమ్ ఒకటి కొన్నాళ్లు ఆమెకు ఇద్దామనుకుందట. ఇచ్చేయరాదా, దాంట్లో ఏముంది అన్నాను. "అట్ల ఇయ్యరాదమ్మా, అది ఆన్‌లైన్ల కొన్నది, నా పేరు మీదనే ఉంటది. ఆమె వేరేది కొనుక్కోవాలె" అంది. కొన్నది మనం, ఎవరికివ్వాలో చెప్పేది కంపెనీ! నాకు ఒళ్లు మండింది గానీ, ఆ కోపం చల్లారేలోగానే మనసు గోదావరిఖనిలోని మా పాత క్వార్టర్ల లైనుకు వెళ్లిపోయింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, టీవీకి తగిలించుకునే ఆ గేమ్ డబ్బా, దాని నెత్తిన గుచ్చే ప్లాస్టిక్ క్యాసెట్, అది మొరాయిస్తే అంచున ఉఫ్‌మని ఊదడం. మా లైనులో చాలా ఇళ్లల్లో డబ్బాలుండేవి గానీ, అందరికీ ఇష్టమైన క్యాసెట్ మాత్రం ఒక్కటే, లైనంతా కలిసి కొన్నది. అది ఎవరింట్లో ఉండాలన్నది బొగ్గు బావి షిఫ్టులే తేల్చేవి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలంతా పడుకునే ఇంట్లో టీవీ పెట్టడానికి వీల్లేదు కాబట్టి, ఎవరి నాన్న నైట్ షిఫ్టుకు మారితే వాళ్లింటి నుంచి క్యాసెట్ మొదటి షిఫ్టు వాళ్లింటికి పోయేది. ఒకరు అడగడం, ఒకరు గుర్తుచేయడం అంటూ ఉండేది కాదు.

మా బాపు టింబర్‌మన్, అంటే బావిలో పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే మనిషి. మొదటి షిఫ్టు వారంలో మధ్యాహ్నం ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిని, రెండో రిమోట్ పట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. ఆ ఆటలో బొమ్మ మనిషి ఎగిరి నెత్తి మీది ఇటుకలను తలతో గుద్దితేనే బహుమానాలు రాలతాయి. బాపు చచ్చినా గుద్దనిచ్చేవాడు కాదు. "కప్పును తలకాయతోని గుద్దుతడానే ఎవడన్నా? గది కూలితే ఎట్ల బిడ్డా?" అంటూ తన బొమ్మను ఇటుకల కింద నిలబెట్టకుండా దూరం దూరంగా నడిపించి ప్రతిసారీ ఓడిపోయేవాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. మామూలుగా మాతో రెండు ముక్కలకు మించి మాట్లాడని మనిషి, ఆ కాసేపూ నాకు స్నేహితుడయ్యేవాడు.

ఒక వర్షాకాలం బావిలో కప్పు నిజంగానే కూలింది. ప్రాణం దక్కింది గానీ బాపు కుడి చెయ్యి నలిగింది. దవాఖాన నుంచి వచ్చాక వేళ్లు ముడుచుకునేవి కావు. అవి కదలకపోతే మళ్లీ పనిలోకి తీసుకోరని మా అవ్వ, అంటే అమ్మ, కుమిలిపోయేది. వేళ్లు ఆడిస్తూ ఉండమని డాక్టరు ఎంత చెప్పినా బాపు గోడకేసి తిరిగి పడుకునేవాడు. నాకింకేం తోచక రిమోట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఏమనుకున్నాడో, లేచి కూర్చున్నాడు. మొదట్లో ఒక్క మీట కూడా నొక్కలేకపోయాడు, తర్వాత తర్వాత బొటనవేలు కదిలింది.

సరిగ్గా అప్పుడే షిఫ్టులు మారి, పక్కింటి కాకకు మొదటి షిఫ్టు పడింది. బాపు డ్యూటీలో లేకపోయినా వంతు వంతే కాబట్టి, క్యాసెట్ వాళ్లకు పోవలసి వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ నేనే తీసుకెళ్లాను. కాక నన్ను గడపలోనే ఆపి, "మా టీవీ కరాబైంది బిడ్డా, మీ కాడనే ఉండనియ్యి" అన్నాడు. ఆయన వెనక గదిలో టీవీలో వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆట కోసం వారాల తరబడి ఎదురుచూసిన ఆయన పిల్లలు ఆ వార్తలే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత అవతలింటి వాళ్లూ అడగలేదు, వానలు పోయి చలి వచ్చినా ఎవరూ అడగలేదు. బాపు వేళ్లు సాగి మళ్లీ డ్యూటీకి ఎక్కిన రోజున, అవ్వ దాన్ని కొంగుతో తుడిచి కాక వాళ్లింట్లో ఇచ్చి వచ్చింది.

ఇప్పటి ఆటల్లో బొమ్మలు ఎంత అందంగా ఉంటాయో! దుకాణానికి పోనక్కర్లేదు, కూర్చున్న చోటే కొంటారు, నెలనెలా కడతారు, ఆ బొమ్మ తొడుక్కునే చొక్కా కూడా విడిగా కొంటారు. సుఖంగా ఉందని మనమూ దానికే అలవాటు పడ్డాం, ఒక్క కంపెనీలనే అని ఏం లాభం. ఇప్పటి పిల్లలకు మనసు లేదని ఎవరైనా అంటే మాత్రం నేనొప్పుకోను. నా బిడ్డ మనసు ఆ కాక మనసు కంటే ఏం తక్కువ? కాకకు వదులుకోవడానికి ఒక వంతు ఉండేది, నా బిడ్డకు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు.