ఇష్బెల్ అడిగిన ప్రశ్న

మా యూనివర్సిటీకి పరిశోధన కోసం డబ్బిస్తామని వచ్చేవాళ్ళనీ, కలిసి పనిచేస్తామని వచ్చేవాళ్ళనీ ముందుగా వడపోసే పని ఇష్బెల్ రాట్రేది. ఇరవై రెండేళ్ళు అదే చేసింది. స్కాట్లండ్ తూర్పు తీరంలో, సముద్రపు పొగమంచు కిటికీలకి అంటుకునే రెండో అంతస్తు గదిలో ఆమె బల్ల పక్కనే నా బల్ల. ఆమె వరండాలో నడిచొస్తుంటే ప్రొఫెసర్లు గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకునేవారు.

పోలికలు పట్టడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, చల్లారిన టీ తాగుతూ చూస్తూ కూర్చునేది. ఎక్కడో ఒక అంకె దగ్గర వేలు ఆగేది. అక్కడితో అవతలివాడి పని అయిపోయినట్టే.

అయినా కఠినురాలు కాదు. ఒకసారి అమాయకుడైన ఒక చేపల వ్యాపారి ఇస్తానన్న విరాళాన్ని, అదే పేరున్న ఇంకొకడు చేసిన మోసానికి, మావాళ్ళు తిప్పికొట్టారు. ఆయన గేటు దగ్గర నిలబడి ఏడ్చాడట. ఆ రోజు నుంచి పోట్లాడి పోట్లాడి ఒక రూలు పెట్టించింది. ఎవరి మీదైనా మచ్చ వేసేముందు మన దగ్గరున్న ఆధారం వాళ్ళకే చూపించి, మీ జవాబేమిటని అడగాలి. అవతలివాడి మాట వినకుండా తీర్పు చెప్పేవాళ్ళంటే ఆమెకి అసహ్యం. నాకూ ఆ రూలు బంగారంలాగే కనిపించేది.

నాలుగేళ్ళ క్రితం నదుల ప్రొఫెసర్ ఫ్రేజర్ లమ్స్‌డెన్ మధ్య ఆసియాలో ఒక నీటి పరిశోధన సంస్థతో ఒప్పందం తెచ్చాడు. ఆ సంస్థని పోషించేది అక్కడి నదికి ఎగువన ఉన్న గని. నదుల కోసం పనిచేసే విదేశీ సంఘం ఒకటి, గని వల్ల ఆ నది నీళ్ళలో విషం ఉందని ఒక నివేదిక వేసింది. లెక్కలిచ్చిన మనిషి పేరు దాచింది. అవే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని సంస్థ అంటోంది.

ఇష్బెల్ ఆ నివేదికనీ, ఒప్పందం కోసం సంస్థలోని తిలెక్ అనే ఉద్యోగి తాను పట్టిన నీళ్ళ లెక్కలతో ఫ్రేజర్‌కి పంపిన పట్టికనీ పక్కపక్కన పెట్టింది. వేలు ఆగింది. తేదీలు, వేళలు, నీళ్ళు పట్టిన చోట్లు అన్నీ ఒక్కటే.

"లెక్కలు ఈ సంస్థవే తల్లీ. విషం సంగతి వాళ్ళకి తెలుసు, దాచారు" అంది నాతో. "సంస్థని అడగాలి. కానీ పట్టిక జతచెయ్యాలా అని ఆలోచిస్తున్నా."

"ఆధారం చూపించకుండా అడిగితే అది న్యాయం కాదని మీరే కదా అన్నది?" అన్నాను. ఫ్రేజర్ అప్పటికే రెండుసార్లు వచ్చి నా బల్ల మీద కూర్చుని, నది గడ్డకట్టేలోగా సంతకాలు కావాలని ప్రాణం తోడేశాడు. నాకు ఆ ఫైలు వదిలితే చాలనిపించింది.

"పేరైతే రాయను" అంది. రాయలేదు. పట్టిక జతచేసింది.

పదకొండు రోజులకి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. "మీరు పంపిన ఆధారానికి కృతజ్ఞతలు. లెక్కలు బయటికి పంపిన ఉద్యోగిని గుర్తించాం. ఇకపై ఇటువంటి ఇబ్బంది ఉండదు."

ఇష్బెల్ అది చదివి కోటు వేసుకుంది. తిరిగి తీసేసింది. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"నేను పట్టించేశాను" అంది.

మా ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ఎత్తిచూపిన సమస్యని అవతలివాళ్ళు పరిష్కరించారా? పరిష్కరిస్తే ఆకుపచ్చ గుర్తు, ఫైలు ముందుకి. యూనివర్సిటీకి పేరు పోతుందా, డబ్బు పోతుందా అని ఇంకా తొమ్మిది ప్రశ్నలున్నాయి. అవతల మనిషి ఏమైపోతాడన్న ప్రశ్న లేదు. ఇష్బెల్ కలం ముట్టలేదు. ఆకుపచ్చ నేనే వేశాను. సిగ్గు లేక కాదు, ఫ్రేజర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తిలెక్‌ని ఇంటి దగ్గర నుంచి తీసుకుపోయారని వసంతంలో తెలిసింది. ఏ జైలో ఎవరికీ తెలియదు. ఇష్బెల్ రాయబార కార్యాలయానికి రాసింది, ఎంపీకి రాసింది, మా పెద్దల్ని నిలదీసింది. "రూలు మీరు పెట్టించిందే కదా" అన్నారు వాళ్ళు. ఆమెకి బతికున్నంతకాలం మర్చిపోలేని మాట అది.

ఆమె పదవీ విరమణకి వారం ముందు, ఫ్రేజర్ శిష్యురాలి ద్వారా మా ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది తిలెక్ చెల్లెలు. ఇష్బెల్ చదివి, నా బల్ల మీద పెట్టింది.

"అయ్యా, ఎంత దాచినా మనుషుల్ని కనిపెట్టేవారు మీ ఆఫీసులో ఒకావిడ ఉన్నారని ప్రొఫెసర్ గారు మా అన్నకి చెప్పేవారట. మా అన్న ఎక్కడున్నాడో ఆవిడ చేత కొంచెం కనిపెట్టించి చెప్పగలరా?"