దొరస్వామి అడ్రసుకు కొత్త దారి

మదనపల్లెలోని ఒక ప్రైవేటు వైద్యపరీక్షల ల్యాబుకు పుంగనూరులో, కుప్పంలో శాఖలున్నాయి. మూడూళ్ళ కంప్యూటర్లనూ చూసుకునేది మునీశ్వరి. సోమల దగ్గర టమోటా తోటల్లో కూలికి పోయిన కుప్పమ్మ కూతురు. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి. నీ ఉద్యోగమేమిటని తల్లి అడిగితే, "ఉత్తరాలు పోయే గేటు కాడ కాపలామ్మా" అంటుంది. అబద్ధమేమీ కాదు. మూడూళ్ళ నుంచి బయటికి వెళ్ళే ప్రతి మెయిలూ ఆమె చూసే గేట్‌వే దాటాల్సిందే.

ఆ మంగళవారం గేటు దగ్గరే చిక్కొచ్చింది. ఉచిత వైద్య శిబిరాల ప్రకటనలు వేలల్లో పోయేసరికి, బయటి ఆసుపత్రులు చెత్త మెయిళ్ళనుకొని ల్యాబు మెయిళ్ళన్నిటినీ వెనక్కి కొట్టడం మొదలుపెట్టాయి. రిపోర్టులు పోయేదీ ఆ దారినే. మునీశ్వరి రిపోర్టుల కోసం రెండో దారి తెరిచింది. పంపే అడ్రసును బట్టి గేట్‌వే ఇక దారి మారుస్తుంది: రిపోర్టుల అడ్రసు అయితే కొత్త దారి, శిబిరాల అడ్రసు అయితే పాతదే. మదనపల్లె, పుంగనూరు రిపోర్టులు చేరాయి. కుప్పానివి చేరలేదు.

పది గంటలకు కుప్పం కౌంటర్ నుంచి దొరస్వామి ఫోన్ చేశాడు.

"మునీశ్వరమ్మా, వెంకటలక్ష్మమ్మ రిపోర్టు మళ్ళా వెనక్కొచ్చిండాది. పదకొండు లోపల బెంగళూరు ఆస్పత్రికి చేరకపోతే రేపటి బెడ్డు ఇంకొకరికి ఇస్తారంట. ఆయమ్మ నా ముందరే కూర్చోనుండాది."

"ఏ అడ్రసు నుంచి పంపినావన్నా?"

"శిబిరాలదే. ఎప్పుడూ దాంట్లోంచే కదా."

"రిపోర్టులకు వేరేది ఇచ్చి మూడేండ్లాయె! గేటుకు నువ్వేం రాసినావో తెలీదన్నా. ఎవురు పంపినారో అదే సూస్తాది."

"తిట్టమ్మా, పడతా. పల్లెల్లో నేనిచ్చిన చీటీల మీద ఉండేది ఇదే. గోడలకు అతికించుకోనుండారు. బెంగళూరోళ్ళు రాసుకునిందీ ఇదే. ఇంకో దాంట్లోంచి వస్తే తెరిసేది లేదంటాండారు."

మునీశ్వరి గేట్‌వే నియమాల పేజీ తెరిచింది. ఊరూరా గోడల మీదున్న అడ్రసును మార్చడం కన్నా ప్రకటనల అడ్రసును మార్చడం సులువు. ప్రకటనలకు కొత్త అడ్రసు పుట్టించి పాత దారికి తోసింది. దొరస్వామి వాడే శిబిరాల అడ్రసును కొత్త దారికి ఎక్కించింది.

ఫోన్లో వెనక నుంచి వెంకటలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "యాల ఇంతసేపు? నేను బెంగళూరు రైలెక్కుంటే ఈపాటికి బంగారుపేట దాటుందును కదప్పా!"

"ఉండుమ్మా, నీకన్నా ముందు నీ రిపోర్టు పోవాల."

"ఇప్పుడు పంపన్నా," అంది మునీశ్వరి.

పంపాడు. ఈసారి వెనక్కి రాలేదు. పదకొండుకు ఎనిమిది నిమిషాలుండగా బెంగళూరు నుంచి జవాబొచ్చింది.

"చేరిందంటమ్మా! బెడ్డు అట్లే పెట్టినారంట," అన్నాడు దొరస్వామి. ఆ సంబరంలో ఫోన్ పెట్టేయడం మరిచాడు. వెంకటలక్ష్మమ్మకు నీళ్ళివ్వడం, ఏ రైలెక్కాలో రెండుసార్లు చెప్పడం మునీశ్వరికి వినబడుతూనే ఉంది. ఆమె కూడా ఫోన్ కట్ చేయలేదు.

గేట్‌వేలో ప్రతి నియమం పక్కనా ఒక గమనిక రాసుకునే చోటుంటుంది. ఎప్పుడూ ఖాళీగా వదిలేసే ఆ గడిలో ఆ రోజు రాసింది: "కుప్పం దొరస్వామన్న అడ్రసు. ఎవరూ మార్చొద్దు."