దలాకి మోసుకెళ్ళిన గిన్నె

ఆదివారం ఉదయం ఎనిమిదీ పదికి, బర్మాలో మేముండే మింగళాడోన్‌లో బస్సెక్కాను. చంకన మందపాటి అల్యూమినియం గిన్నె. సంచిలో కిలో కోడిమాంసం, నాలుగు కోడి సాసేజీలు, బియ్యం, ఉల్లిపాయలు, క్యాప్సికం, సెలరీ కాడలు. నది అవతల దలాలో ఉండే మా తమ్ముడు సింహాద్రి ఎనిమిది రోజులుగా అన్నం ముట్టలేదని పక్కింటావిడ ఫోన్ చేసింది. టీ, బిస్కెట్లు, అంతేనట. వాడు పద్నాలుగేళ్ళు ఓడల్లో వంటవాడు. కాగిన నూనె కుడిచేతి మీద పడి రెండు వేళ్ళు బిగుసుకుపోతే ఇంటికి పంపేశారు. అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పడుకుంటాడా! వాడి నోట్లో ముద్ద పెట్టకుండా తిరిగి రానని ఒట్టు పెట్టుకుని బయల్దేరాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. బస్సులో డబ్బు పెట్టెలో వెయ్యాలి, చిల్లర తిరిగి రాదు, సరిపడా నోట్లు ఉంచుకోండి. డ్రైవరు నా గిన్నె చూసి, "దానికీ టికెట్టు పడుద్ది ఆంటీ" అన్నాడు బర్మా భాషలో.

"నీ బస్సుకన్నా నా గిన్నె గట్టిది. ముందు పోనీ" అన్నాను.

తొమ్మిదీ నలభైకి పాన్‌సోడాన్ రేవు. ఎదురుగా టీ కొట్టులో ఉడికిన బఠానీలతో రొట్టె తిని, పదింబావుకి పడవెక్కాను. పక్కన పిట్ట గుడ్లు అమ్మే ముసలావిడ కూర్చుంది. గిన్నె ఎవరికని అడిగితే సంగతంతా చెప్పాను.

"తినకపోతే?"

"తినేదాకా కూర్చుంటా."

ఆవిడ రెండు గుడ్లు నా చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

అవతలి గట్టున సైకా, అంటే పక్కన సీటున్న సైకిల్ రిక్షా, పావుగంటలో ఇంటిముందు దింపింది. తలుపు తీసే ఉంది. సింహాద్రి ఇటు తిరగలేదు.

"ఎందుకొచ్చినావప్పా? ఎల్లిపో." అక్కనైన నన్ను వాడు అప్పా అనే పిలుస్తాడు.

"ఒండి ఎల్తా."

"నాకొద్దు. సెయ్యి పోయిన వంటోడికి తిండేటి?"

ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమూ వచ్చింది. కరెంటు లేదు. బొగ్గుల కుంపటి రాజేశాను.

వండబోయేది వాడి వంటే. అమెరికాలో ఏదో రేవులో నేర్చుకున్నాడట, కేజన్ అన్నం అనేవాడు. సెలవుకి వస్తే మా ఇంట్లో అదే వండేవాడు, నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒకే గిన్నె, ముప్పావుగంట పని. సాసేజీ, మాంసం ఎర్రగా వేయించి, ఆ కొవ్వులోనే ఉల్లి, క్యాప్సికం, సెలరీ మగ్గనిచ్చాను. వెల్లుల్లి, కారం, టమాటా వేశాను. బియ్యం, కొలిచిన నీళ్ళు పోసి మూత పెట్టాను. ఇక ఇరవై నిమిషాలు ముట్టకూడదు.

మన చేతులు ఊరుకుంటాయా? మెతుకు పట్టి చూడకుండా అన్నం దించడం అమ్మ నేర్పలేదు. ఐదు నిమిషాలకి మూత తీసి ఒక మెతుకు నలిపాను. కాసేపటికి ఇంకోటి. మూడోసారి మూత ఎత్తేసరికి వెనకనుంచి కేక!

"మూత తియ్యకప్పా! ఆవిరి పోతే అన్నం పలుకైపోద్ది!"

సింహాద్రి లేచి నిలబడ్డాడు. ఎడంచేత్తో మూత లాక్కుని బోర్లించాడు. "బేగి గుక్కెడు నీళ్ళియ్యి, పోయిన ఆవిరికి బదులు పోస్తాను. కాసిన్ని బొగ్గులు ఇవతలికి లాగు. ఇంకేటీ ముట్టకు." కుంపటి పక్కన పీటేసుకుని గిన్నెకి కాపలా కూర్చున్నాడు. నేను నోరు మూసుకున్నాను. నాకది అలవాటు లేని పని.

మూత వాడే తీశాడు. మొదటి గరిటె ఇంట్లో పెద్దవాళ్ళకి పెట్టడం ఇక్కడి ఆచారం, మా ఇళ్ళల్లోకీ వచ్చేసింది. అమ్మానాన్నా లేరు గనక ఆ గరిటె నాకు వడ్డించాడు, ఎడంచేత్తో, కాస్త వొలికిస్తూ. అందులోంచే ముద్ద తీసి వాడి నోటి దగ్గర పెట్టాను. కాసేపు నావైపే చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

"ఉప్పు సాల్లేదు" అన్నాడు నములుతూ. రెండు కంచాలు తిన్నాడు.

మూడున్నరకి బయల్దేరుతూ గిన్నె ఎత్తబోతే దానిమీద చెయ్యేశాడు.

"ఉండనీ. రేపు ఎడం సేత్తో ఒండి సూస్తాను."

నాలుగింటి పడవలో పొద్దుటి ముసలావిడే ఎదురైంది. నా ఖాళీ చేతులు చూసి, "గిన్నె ఏదీ?" అంది. అక్కడే ఉండిపోయిందన్నాను. ఆవిడ నవ్వింది, నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

దలా వెళ్ళేవాళ్ళు గిన్నె మోసుకెళ్ళనక్కర్లేదు. మావాడి పొయ్యిమీద ఒకటుంది. మూత మాత్రం తియ్యకండి.