గోధుమలు ఎక్కిన ఓడ

వింగ్ సేక్ బాబాయ్ ఎముకలు కడిగేవాడు. మొహం చిట్లించకండి. విక్టోరియా ఊళ్లో మా చైనావాళ్లు ఎవరు పోయినా ఏడేళ్లు ఇక్కడి మట్టిలో ఉంచి, తర్వాత తవ్వి, ఎముకలు కడిగి, ఎండబెట్టి, చెక్కపెట్టెలో సర్ది చైనాలోని సొంతూరికి ఓడలో పంపేవాళ్లు. కెనడా అంతా రైలు పట్టాలు వేసి, ఊరివాళ్ల బట్టలుతికి అరిగిపోయిన మనిషికి చివర్లో దక్కే మర్యాద అదొక్కటే. పాదాల ఎముకలు అడుగున, పుర్రె పైన. మూత మీద కుంచెతో పేరూ ఊరూ. ఒక్క వేలి ఎముక తక్కువైనా బాబాయ్ మళ్లీ గోతిలోకి దిగేవాడు.

ఆయన నాకు చుట్టమేం కాదు. ఫిస్గార్డ్ వీధిలో నా కొట్టుకి రోజూ పొద్దున్నే గంజి తాగడానికి వచ్చేవాడు. గంజిలో ఉప్పు చేప నంజుకుని, చేపకి వంక పెట్టి, నాలుగు తిట్లు తిట్టి పోయేవాడు.

ఆయన అన్న వింగ్ హోన్ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. 1921లో ఊరెళ్లి పెళ్లి చేసుకుని, పదకొండు నెలలు కాపురం చేసి తిరిగొచ్చాడు. ఆ మరుసటేడే చైనావాళ్లు ఇక లోపలికి రాకూడదని ఈ దేశం చట్టం చేసింది. మా రెక్కలు కావాలి గానీ మా ఆడవాళ్లు అక్కర్లేదు. పెళ్లాం యిక్ మోయ్ అక్కడే ఉండిపోయింది. వింగ్ హోన్ ఓడ ఖర్చులు కూడబెట్టుకునేసరికి అక్కడ యుద్ధం మొదలైంది. 1939లో ఇక్కడే పోయాడు. ఏడేళ్లకి అన్న ఎముకల్ని తమ్ముడే కడిగి పెట్టె కట్టాడు.

యిక్ మోయ్ ఉత్తరం రాయించింది: "మనిషిని ఎలాగూ పంపలేదు. ఎముకలైనా పంపు మరిదీ. కొండ మీద ఆయనకీ నాకూ పక్కపక్కన చోటు ఉంచాను." పంపుతానని బాబాయ్ మాటిచ్చాడు.

పెట్టె ఓడ ఎక్కేలోగా అక్కడ కమ్యూనిస్టులు గెలిచారు. ఒట్టావాలో ఈ దేశాన్నేలే పెద్దలు అసలక్కడ ప్రభుత్వమే లేదన్నట్టు కూర్చున్నారు. అంత జనాన్ని ఏలుతున్న సర్కారు వీళ్ల కంటికి ఆనలేదట! లండన్ గుర్తించింది, ఢిల్లీ గుర్తించింది. వీళ్లు మాత్రం పక్కింటి అమెరికా మొహం చూస్తూ ఉండిపోయారు. పెట్టెలన్నీ సముద్రం ఒడ్డున, మా సంఘం కట్టించిన ఎముకల ఇంట్లో దుమ్ము పట్టాయి.

సంఘం కార్యదర్శి క్వాన్ లప్ మన్‌కి కమ్యూనిస్టుల పేరెత్తితేనే పూనకం వచ్చేది. "పెద్దాయనా, ఆ ఎర్రవాళ్లని గుర్తించాలని నా ముందు అనకు" అన్నాడోసారి, నా కొట్లోనే.

"నాకు ఎరుపూ వద్దు, తెలుపూ వద్దురా. మా వదినకి మొగుణ్ణి పంపాలి. ఎవడు పంపనిస్తే వాడే నా రాజు" అన్నాడు బాబాయ్.

ఇలా ఏళ్లు గడిచాయి. 1961లో, ఆ లేని ప్రభుత్వానికే ఈ దేశం ఓడలకి ఓడలు గోధుమలు అమ్మింది! బాబాయ్ పెట్టె భుజానికెత్తుకుని వాంకూవర్ రేవుకి బయల్దేరాడు. నాకు ఇంగ్లీషు వచ్చని నన్నూ లాక్కెళ్లాడు.

రేవు గుమస్తా పెట్టెకేసి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆ దేశంతో మనకి సంబంధాలు లేవు తాతా. కాగితాలు పుచ్చుకోవడానికి అక్కడ ఎవరూ లేరు."

"అడగవే అమ్మాయ్. ఎవరూ లేకపోతే ఆ గోధుమలు తినేదెవరట? దయ్యాలా?"

అడిగాను. గుమస్తా నవ్వాడు. "గోధుమల సంగతి వేరు."

"వేరే మరి! మా అన్నని అమ్ముకుంటే వీళ్లకి కాణీ కూడా రాదుగా!" ఈ మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదా అని ఈనాటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఆ ఏడే సంఘం విసిగిపోయి, పెట్టెలన్నీ అక్కడే ఉమ్మడి గోతుల్లో పూడ్చేద్దామని తీర్మానించింది.

"అందర్నీ కలిపేస్తావా? నేనిన్నాళ్లూ విడివిడిగా కడిగింది నువ్వు కలిపెయ్యడానికా?" అని క్వాన్ మీద విరుచుకుపడ్డాడు బాబాయ్. అన్న పెట్టె తెచ్చి తన మంచం కింద పెట్టుకున్నాడు. ఏటా వదినకి ఒకటే రాసేవాడు: వచ్చే ఏడు తప్పకుండా పంపుతా.

1970 అక్టోబరులో మా రేడియో చెప్పింది, కెనడా పెకింగ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని గుర్తించిందని. క్వాన్ సంఘం మేడ మీద పాత చైనా సర్కారు జెండా దించి భోరున ఏడ్చాడు. కుర్రకారు టపాకాయలు కాల్చారు. బాబాయ్ మాత్రం రెండో గిన్నె గంజి అడిగాడు, చేపకి వంక పెట్టకుండా తిన్నాడు. గదికెళ్లి మూత మీద వెలిసిన అక్షరాలు మళ్లీ దిద్దాడు. "వదినా, దారి తెరుచుకుంది. ఇద్దరం వస్తున్నాం" అని రాశాడు.

జవాబు ఏప్రిల్లో వచ్చింది. యిక్ మోయ్ చెల్లెలి కూతురు రాసింది. బాబాయ్ చూపు ఆనక నాచేత చదివించుకున్నాడు.

"పెద్దమ్మ కిందటేడు మొదట్లోనే పోయింది. కొండ మీద సమాధులన్నీ చదును చేసి చిలగడదుంపలు వేశారు. ఎముకలు పంపకండి, పెట్టడానికి చోటు లేదు. వాళ్లు ఆయన్ని పంపేలా లేరు, నన్నే అక్కడికి పంపెయ్యండి అని పోయేముందు చెప్పింది."

కవరు అడుగున గుడ్డలో చుట్టిన చెక్క దువ్వెన ఉంది, పెళ్లినాడు ఆమెకి తల దువ్విన దువ్వెన. పళ్ల మధ్య నాలుగు తెల్ల వెంట్రుకలు.

నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు! ఒక సర్కారు కళ్లు మూసుకుంది, ఇంకొకటి కొండ దున్నేసింది. ఇప్పుడు చేతులు కలిపి ఫొటోలు దిగుతున్నారు. దారి తెరుచుకోవడానికి పది నెలల ముందు పోయిన ఆ ముసలిదానికి జవాబు చెప్పేవాడెవడు?

బాబాయ్ మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగాడు. పెట్టె తెరిచి, దువ్వెన పుర్రె పక్కన పెట్టాడు. మూత మీద ఊరి పేరు చెరిపేసి, అన్న పేరు పక్కన వదిన పేరు రాశాడు. సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాం. ఎవరు చెప్పారో, క్వాన్ పార పట్టుకుని వచ్చి తవ్వడం మొదలెట్టాడు.

మట్టి కప్పాక బాబాయ్ నాకేసి తిరిగాడు. "లోపలికి రానివ్వం అన్నారుగా ఈవిణ్ణి. చూశావా అమ్మాయ్, ఎవర్నీ అడక్కుండా వచ్చేసింది మా వదిన."