గట్టు వాలు మీద చూసిన ఆయిల్

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ముందు లేచేది మా తాతయ్య, ఆయన తర్వాత ఆయన కారు. తొంభైల నాటి మాట. మండపేట దగ్గర పల్లెటూరు మాది. కాలవ గట్టును ఆనుకుని ఇల్లు. ఎవరో వాడి వదిలేసిన పాత తెల్ల కారు ఒకటి కొని, దాన్ని రోజూ పెళ్లికొడుకుని చేసినట్టు తుడిచేవాడు తాతయ్య. పెళ్లై ఇన్నేళ్లలో తన మొహం ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూశారా అని మా నాయనమ్మ దెప్పుతుండేది.

తుడవడం అయ్యాక ఆయిల్ చూడటం. బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కనుంచి సన్నటి గేజు కడ్డీని బయటికి లాగి, పాత పంచె ముక్కతో శుభ్రంగా తుడిచి, మళ్లీ అడుగుదాకా దించి లాగేవాడు. మొదటిసారి కనిపించేదాన్ని నమ్మకూడదనీ, గొట్టంలో అంటుకున్న ఆయిల్ కూడా కలిసి లేని లెక్క చూపిస్తుందనీ నాకు చెప్పేవాడు. బండి ఆపిన వెంటనే చూసినా తప్పే, పైకి ఎక్కిన ఆయిల్ కిందికి దిగేదాకా ఆగాలి. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. పై గీత దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు. కింది గీత కన్నా దిగితే బండి తియ్యకూడదు.

ఇంజన్ పాతది, ఆయిల్ బాగా తాగేది. ఆయిల్ తగ్గితే వెలగాల్సిన ఎర్ర లైటు ఎప్పుడో పాడైపోయింది. మండపేటలో షెడ్డు నడిపే మెకానిక్ దాన్ని బాగుచేస్తానని ఎన్నిసార్లు అడిగినా, నాకు కళ్లున్నాయి కదయ్యా అని తాతయ్య కొట్టిపారేసేవాడు. ఆ కళ్ల మీద ఆయనకి అంత గర్వం.

ఆ ఏడు వేసవిలో దాళ్వా వరి కోతలప్పుడు మా వాకిలంతా ధాన్యం ఆరబోశారు. కారు పెట్టే చోటు లేక, గట్టు వాలు మీద ఒక పక్కకి ఒరిగేట్టు నిలబెట్టి చక్రాల కింద ఇటుకలు పెట్టారు. వారం రోజులుగా కారు తిరిగొచ్చి అక్కడే ఆగేది, తాతయ్య ఆయిల్ చూసేదీ అక్కడే. ఆ రోజు పొద్దున్నే కూడా బానెట్ ఎత్తాడు. అలవాటు ప్రకారం తుడిచాడు, దించాడు, చూశాడు. ఆయిల్ పై గీత దగ్గరుంది. నిండుగా ఉందే అమ్మడూ అని నాతో అన్నాడు కూడా.

అదే రోజు మధ్యాహ్నం పొలంలో కోసిన వరి పనలు ఎత్తుతుంటే, కింద చుట్టుకుని ఉన్న తాచు మా బాబాయ్ చేతి మీద కాటేసింది. మోసుకొచ్చి కారులో పడుకోబెట్టారు. మా నాన్న వెనక సీట్లో కూర్చుని తమ్ముడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. తాతయ్య స్టీరింగ్ పట్టుకున్నాడు. రాజమండ్రి ఆసుపత్రిలో పడితే చాలు, బతికేస్తాడని అందరం అనుకున్నాం. కారు కదిలేముందు బాబాయ్ నన్ను చూసి నవ్వబోయాడు. అప్పటికే కనురెప్పలు వాలిపోతున్నాయి.

ద్వారపూడి దాటాక ఇంజన్ లోపల టకటకమని కొట్టుకుని, ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. ఆ ఎండలో ధాన్యం లారీని ఒకదాన్ని ఆపి బాబాయ్‌ని అందులోకి ఎక్కిస్తుండగానే ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆ రోడ్డు మీద ఏం జరిగిందో నాన్న ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మేమూ అడగలేదు.

కారును ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి, మళ్లీ ఆ గట్టు వాలు మీదే వదిలేశారు. దాని వంక చూసే ధైర్యం ఎవరికీ లేదు. ఇంజన్లో ఆయిల్ లేకే బిగుసుకుపోయిందని ఊళ్లో ట్రాక్టరు నడిపేవాళ్లు తేల్చేశారు. పొద్దున నిండుగా ఉన్న ఆయిల్ ఏమైనట్టు? అందరి చూపూ మెకానిక్ మీదికి పోయింది. అంతకుముందు ఆయిల్ మార్చింది అతనే. కింద నట్టు సరిగా బిగించి ఉండడు, దారి పొడుగునా కారిపోయి ఉంటుంది అన్నారు. కొత్తగా కాపురానికి వచ్చిన మా పిన్ని, బాబాయ్ భార్య, ముద్ద ముట్టకుండా ఆ మనిషినే శపిస్తూ కూర్చునేది. కర్మలయ్యాక మనుషుల్ని తీసుకెళ్లి షెడ్డు పీకించేస్తానని నాన్న అందరి ముందూ అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి ఆయన. తాతయ్య మాత్రం గోడకి ఆనుకుని, అవునని గానీ కాదని గానీ అనలేదు.

పెద్దకర్మ నాడు భోజనాలవుతుంటే ఆ మెకానిక్ తనంతట తనే వచ్చాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. గట్టు మీదే నిలబడి, "నా పని నేను సరిగ్గానే చేశానండి, నట్టు చూసుకోండి కావాలంటే" అన్నాడు. నాన్న చెయ్యైనా కడుక్కోకుండా లేచి వెళ్లాడు. అతని చొక్కా పట్టుకునేలోపు తాతయ్య మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. నట్టు తను తెల్లవారే చూశాననీ, పొడిగా ఉందనీ చెప్పి, అందర్నీ కారు దగ్గరికి రమ్మన్నాడు. నన్ను పక్కకి పిలిచాడు. ఇంట్లో ఆ గీతలు చూడటం వచ్చింది ఆయనకీ నాకూ మాత్రమే.

కడ్డీ లాగి, తుడిచి, దించి, లాగి నా ముందు పెట్టాడు. పై గీత దగ్గరుంది. అదే గట్టిగా చెప్పాను. తర్వాత కారును నెట్టించి వాకిట్లోకి తెప్పించాడు. ధాన్యం ఎత్తేసిన వాకిలి చదునుగా ఉంది. ఆయిల్ నిలకడగా అయ్యేదాకా అందర్నీ ఆగమన్నాడు. మళ్లీ తుడిచి, దించి, లాగాడు. ఈసారి కడ్డీ కొస మాత్రమే తడిసింది. కింది గీతకి కూడా అందలేదు. ఇది ఎటు పోతోందో నాకు అప్పుడు అర్థమైంది. కడ్డీ మీంచి చూపు తిప్పుకున్నాను.

"చెప్పమ్మా" అన్నాడు.

"లేదు తాతయ్యా."

"ఏంటి లేదు?"

"ఆయిల్ లేదు" అని ఏడ్చేశాను.

తాతయ్య నా తల మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "ఒక్క చుక్క పొయ్యలేదు, తియ్యలేదు. ఒరిగిన బండిలో ఆయిలంతా కడ్డీ వైపుకి చేరిపోద్ది. చదునులో పెట్టి చూడండని ఈయన నాకు మొదట్లోనే చెప్పాడు. ఆ వారమంతా నేను గట్టు మీదే చూశాను. లైటు బాగుచేస్తానంటే వద్దన్నదీ నేనే. నా కొడుకుని దారిలో ఆపేసింది నేనురా, ఈయన కాదు."

నాన్న తల దించుకుని వెనక్కి తిరిగాడు. మెకానిక్ రెండు చేతులూ జోడించి నిలబడిపోయాడు. పిన్ని గుమ్మంలోంచి అంతా చూసింది. "ఇది నాకెందుకు చూపించారండీ మావయ్యగారూ? ఆ మెకానిక్‌ని తిట్టుకుంటా ఎలాగోలా బతికేసేదాన్ని కదా" అంది.

"తిట్టుకోవాలంటే నన్ను తిట్టుకోమ్మా. ఇక్కడే ఉంటాను" అన్నాడు తాతయ్య.

ఉన్నాడు కూడా. పిన్నికి ఎదురుపడకుండా తప్పించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఆయనకి అన్నం పెట్టేది, మాట మాత్రం కలిపేది కాదు. పుట్టింటివాళ్లు రమ్మన్నా వెళ్లలేదు. కొన్నాళ్లకి ఆ వడ్డించిన కంచం ముందు ఆయన ఒక్కడే కూర్చుని ఏడుస్తుంటే, ఆవిడ లోపలికి వెళ్లిపోకుండా గుమ్మం దగ్గరే నిలబడటం చూశాను. అంతకన్నా దగ్గరకి ఆ ఇద్దరూ రాలేదు. మెకానిక్ షెడ్డు మాత్రం నిలిచింది.

నిజం చెప్పేస్తే గుండె బరువు దిగుతుందని పెద్దవాళ్లు పిల్లలకి చెబుతుంటారు. నేను నా పిల్లలకి అలా చెప్పను. మా తాతయ్యకి ఆ బరువు చివరిదాకా దిగలేదు. దిగదని తెలిసే చెప్పాడు. నా తప్పు ఇంకొకరి మీద పడి, నేను నోరు మూసుకుంటే సరిపోయే సందర్భాలు నా బతుకులోనూ వచ్చాయి. అప్పుడల్లా నా తల మీద తాతయ్య చెయ్యి బరువు తెలుస్తుంది. నోరు తెరిచి చెప్పేస్తాను. చెప్పాక అక్కడినుంచి వెళ్లిపోవాలనిపిస్తుంది గానీ, వెళ్లను.