సొంత చక్రవర్తి మీదికే నడిచినవాడు

రిటైరయ్యాక నాకు పట్టుకున్న పిచ్చి ఒక్కటే, రెండువందల ఏళ్ళ కిందటి ఒక స్వీడన్ రాజు జీవితం. ఫ్రాన్సులో ప్లీడరు కొడుకు. మామూలు సిపాయిగా చేరి సేనాధిపతి దాకా ఎదిగాడు. పిల్లలు లేని స్వీడన్ రాజు దత్తత తీసుకుంటే ఆ దేశానికి యువరాజయ్యాడు, తర్వాత రాజయ్యాడు. ఏలినంత కాలం దేశాన్ని యుద్ధం ముఖం చూడనివ్వలేదు. స్వీడన్ భాష మాత్రం చచ్చేదాకా నోటికి పట్టుబడలేదు.

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని మా నోవైలో చలికాలం బయట నడవలేం. పొద్దున్నే, షాపులు తెరవకముందే, మాల్‌లో రౌండ్లు కొడతాం. అలా నా పక్కన నడిచే మిత్రుడికి ఈ కథంతా చెప్పాను. మిత్రుడేమిటి, తమ్ముడే అనుకున్నాను. మా తెలుగు సంఘంలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది నేనే. అప్పట్లో మైకు చూస్తే వణికేవాడు.

ఆ రాజు, ఇంకా యువరాజుగా ఉన్నప్పుడే, తనను పైకి తెచ్చిన ఫ్రాన్సు చక్రవర్తి మీదికే సైన్యం నడిపాడని చెప్పిన రోజు, అతను నడక ఆపేశాడు.

"అది ద్రోహం కాదా అన్నగారూ?"

"ఏం ద్రోహమయ్యా! పిలిచి పీట వేసిన దేశం ముఖ్యం గానీ పాత యజమాని కాదు" అని తీర్పు కూడా ఇచ్చాను. నా నోరు పడిపోను!

ఈసారి సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డాను. ఇన్నేళ్ళ చాకిరీకి నాకున్న ఆశ అదొక్కటే. నా ప్యానెల్‌లో సెక్రటరీ అతనే. తీరా నామినేషన్ల ఆఖరి రోజు వెళ్ళి చూస్తే, ఎదుటి ప్యానెల్‌కి ప్రెసిడెంట్ క్యాండిడేట్‌గా కూర్చుని ఉన్నాడు! ఇంటికొచ్చి ఫోన్ చేసి కడిగేశాను.

"వాళ్ళే వచ్చి అడిగారు అన్నగారూ. పిలిచినవాళ్ళే ముఖ్యమని మీరే కదా చెప్పారు? పర్సనల్‌గా తీసుకోకండి ప్లీజ్."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఆ రాజు మీద కూడా అసహ్యం పుట్టి పుస్తకాలన్నీ లైబ్రరీకి తిరిగిచ్చేశాను.

మా సంఘంలో బ్యాలెట్లు ఉండవు, గుడి హాల్లో చేతులెత్తడమే ఆనవాయితీ. ముందు అతని పేరు చదివారు. ఎవరెవరు ఎత్తుతారో చూద్దామని పళ్ళు కొరుకుతూ వెనక్కి తిరగబోయాను. అంత దూరం చూడక్కర్లేకపోయింది. నా పక్క కుర్చీలో నా భార్య చెయ్యి ఎత్తింది.

ఓడిపోయాను. కార్లో కూర్చున్నాక అడిగాను, "ఎందుకలా చేశావ్?"

"మీరు గెలిస్తే నాకు మళ్ళీ వంటిల్లే గతి. ఇన్నేళ్ళూ ఉగాదికి ఊరందరికీ పులిహోర కలిపింది ఎవరనుకున్నారు? ప్రోగ్రామ్ ఒక్కటైనా కూర్చుని చూశానా?" అంది. సీటు బెల్టు పెట్టుకుంటూ, "నిలబడేముందు అందర్నీ అడిగారు. నన్ను అడిగారా?" అంది.

అతను చేసిన ద్రోహం నోవై అంతా తిరిగి చెప్పుకున్నాను. ఈవిడ చేసింది ఎవరికి చెప్పుకోను?