నూనె సీసాలో చేరిన జబ్బు

పెన్సిల్ చెక్కుతున్నప్పుడు లేచే దేవదారు వాసనకు ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నల్గొండ దవాఖానలో, ఎవరి కఫమూ పూయని కొత్త గాజుపలక మీద టీబీ క్రిములు కనిపించిన రోజు గుర్తొస్తుంది. ఆ రోజు మైక్రోస్కోపు ముందు కూర్చున్నది రజియా డాక్టరమ్మ.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నేను ఓ దినపత్రికకు విలేఖరిని. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నాన్నకు, అదే మా బాపుకు, దగ్గు తగ్గకపోతే ఆ నల్గొండ దవాఖానలోనే కఫం పరీక్ష చేయించాను. క్రిములున్నాయన్నారు. బాపు ఆ పూటే తన కంచం వేరు చేసుకున్నాడు. ఫ్యాక్టరీలో తెలిస్తే పని పోతుందని ఆయన భయం.

డాక్టరమ్మ దేన్నీ ఒక్క చూపుకు నమ్మేవారు కాదు. బాపు కఫం పూసిన పలకను తానే చూశారు. లెన్సును కొంచెం పైకీ కిందికీ కదిపి ఆగిపోయారు.

"మీ బాపు కఫం కింద ఉంది. గీ క్రిములు దానిపైన నూనెల తేలుతున్నయి. గివి ఆయనవి కావేమోనని నాకు శక్ కొడ్తాంది."

అంత చిన్నవాటిని చూడాలంటే లెన్సుకూ పలకకూ మధ్య గాలి ఉండకూడదు. గాజు దాటి గాలిలోకి వచ్చిన వెలుగు పక్కకు వంగిపోయి, బొమ్మ మసకబారుతుంది. గాజులాగే వెలుగును పోనిచ్చే దేవదారు నూనె ఒక చుక్క వేస్తే తేటగా కనిపిస్తుంది.

పరీక్షలు చేసే యాదయ్యను పిలిచి, నూనె వేసి చూపించమన్నారు. అతను గాజుపుల్లను సీసాలో ముంచి, పలక మీది కఫానికి తాకించి, మళ్లీ సీసాలోనే పెట్టాడు.

"పైనుంచి చుక్క ఇడిస్తే నూనె దండగైతది మేడం. జర తాకిస్తే సాలు."

"మస్తు పొదుపు! నూనెతోని జబ్బు గూడ పంచుతున్నవ్."

ఆ సీసాలోని నూనెనే కొత్త పలక మీద వేసి, చాలాసేపు వెతికి, నన్ను పిలిచారు. సన్నని ఎర్రటి పుల్లలు కనిపించాయి.

"సూడు పేపరాయనా, ఖాళీ గాజుకు టీబీ వచ్చింది."

"అంటే మా బాపుకు లేనట్టేనా అమ్మా?"

"లేదని నేనన్ననా? గీ పలకను నమ్మనంటున్న, గంతే."

కొత్త సీసాతో మళ్లీ పరీక్షించినప్పుడు క్రిములు దొరకలేదు. "సిమెంటు దుమ్మురా, నేను జెప్పలే?" అని బాపు నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. దగ్గు పూర్తిగా తగ్గేదాకా ఆయన్ను రప్పించుకుంటూనే ఉన్నారు.

ఎవరైనా రుజువు తెచ్చి బల్ల మీద పెడితే, అంతకుముందు అది దేన్ని తాకి వచ్చిందని అడగడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అలా అడిగి కొన్ని మంచి వార్తలు పోగొట్టుకున్నాను కూడా.

యాదయ్య పాత పలకలను అప్పటికే కడిగేసి మళ్లీ వాడేశాడు. ఆ క్రిములు ఎవరి ఛాతీలోంచి సీసాలోకి చేరాయో, ఆ మనిషికి మందు అందిందో, ఏమీ లేదని చెప్పి ఇంటికి పంపారో చివరిదాకా తేలలేదు.